నేచురల్‌కి మారదామంటే పర్సు ఖాళీ అవుతోంది, తక్కువలో ఎలా నెట్టుకొస్తున్నారు మీరంతా?

పోరంకి_లత

అందరికీ నమస్తే. మాది విజయవాడ, పోరంకి వైపు అపార్ట్‌మెంట్. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలే, పాపకి ఆరేళ్ళు, అత్తయ్యగారు మాతోనే ఉంటారు. పాపకి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనకాల దురదలు, రాత్రంతా గోకి గోకి ఎర్రగా చేసేసుకుంటుంది, చూపిస్తే ఎగ్జిమా అన్నారు, క్రీమ్ రాసిచ్చి ఘాటు వాసనల సబ్బులూ, బట్టలు ఉతికాక పోసే సెంటు లిక్విడ్లూ ఆపేయమన్నారు. సరే పాప కోసం మొదలెట్టిందాన్ని ఊరుకోవచ్చుగా, పనిలో పనిగా ఇల్లంతా మార్చేద్దామని ఆన్‌లైన్‌లో ఒక "నేచురల్ హోమ్ కిట్" తెప్పించా. 2,640 రూపాయలు. అందులో అర లీటరు ఫ్లోర్ క్లీనర్, అంట్లు తోమే లిక్విడ్ చిన్న బాటిల్, ఒక షాంపూ బార్, వెదురు బ్రష్‌లు నాలుగు, ఏదో పళ్ళపొడి, ఆకుపచ్చ డబ్బాలో బట్టల పౌడరు. ఫ్లోర్ క్లీనర్ పది రోజులకి అయిపోయింది. షాంపూ బార్ మా బోరు నీళ్ళకి జుట్టు జిగురు జిగురుగా, ఆముదం రాసినట్టు అయిపోయి ఆ రోజు ఆఫీసుకి ముడి వేసుకుని వెళ్ళా. అంట్ల లిక్విడ్ సంగతి మా పనావిడ ఒక్క ముక్కలో తేల్చేసింది, "అమ్మా ఇందులో నురగ లేదు, మీరే తోముకోండి" అని.

ఇదివరకు ఇవన్నీ కలిపి నెలకి 1,150 దాకా అయ్యేది (రూమ్ ఫ్రెషనర్, దోమల లిక్విడ్‌తో సహా). ఇప్పుడు ఇలా అయితే మూడు వేలు దాటేలా ఉంది. మా ఆయన ఏమీ అనలేదు గానీ బిల్లు ఫ్రిజ్‌కి అంటించి పెట్టాడు. అత్తయ్యగారేమో మా కాలంలో బూడిదతో తోమాం, కుంకుడుకాయతో పోసుకున్నాం, పోయామా అంటున్నారు. ఆవిడ మాట నిజమే కానీ బూడిద ఎక్కడినుంచి తేను, గ్యాస్ పొయ్యి కదా మాది.

మధ్యతరగతి వాళ్ళు, ఉద్యోగాలు చేసుకుంటూ, నెలకి వెయ్యి దాటకుండా నిజంగా ఎవరైనా చేస్తున్నారా? ముందు ఏది మార్చాలి, ఏది అసలు ముట్టుకోకూడదు, ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి, అది చెప్పండి ప్లీజ్. యూట్యూబ్ లింకులు వద్దు, చూసి చూసి తల వాచిపోయింది.

కృష్ణలంక_పిన్ని

అమ్మాయ్, ముందు ఆ కిట్టులు కొనడం మానెయ్యి. ఆ ఆకుపచ్చ డబ్బాకే సగం డబ్బులు పోతాయి. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో పాత పచారీ కొట్లు ఉన్నాయి చూడు, గోనె సంచుల మూతులు మడిచి బయట పెట్టుకుంటారు, అక్కడ కుంకుడుకాయ, శీకాయ, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేర్లు, పటిక అన్నీ తూకానికే. నేను పోయిన నెల కుంకుడుకాయ కేజీ 160కి తెచ్చా, మా ఇంట్లో ముగ్గురం వారానికోసారి తలకి పోసుకుంటే మూడు నెలలు వస్తుంది. కొనేటప్పుడు ఒకటి పగలగొట్టి చూడు, లోపల తోలు బెల్లం పాకంలా జిగటగా మెరవాలి, ఎండిపోయి పొట్టులా ఉంటే పాత సరుకు, నురగ రాదు.

రాత్రి పదికాయలు బండతో చితక్కొట్టి గింజ తీసేసి వేడినీళ్ళలో పడేసి పడుకో, పొద్దున్నే చేత్తో పిసికి పల్చటి గుడ్డలో వడకట్టు. వడకట్టకపోతే నలకలు జుట్టులో ఇరుక్కుని సాయంత్రం దాకా దువ్వుకుంటూ కూర్చోవాలి. పెరట్లో మందారం ఉంటే నాలుగు ఆకులు అందులోనే పిసుకు, జుట్టు మెత్తగా వస్తుంది. కళ్ళలో పడితే మాత్రం చుక్కలు కనపడతాయి, పాపకి తల వెనక్కి వాల్చి పొయ్యి. మిగిలింది ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులే, తర్వాత పులిసి కంపు కొడుతుంది.

సున్నిపిండి అంటావా, నా లెక్క ఇది: కేజీ పెసలు, పావుకేజీ పచ్చిశనగపప్పు, వంద గ్రాములు కచ్చూరాలు, యాభై బావంచాలు, కాసిని వట్టివేర్లు, ఎండబెట్టిన కమలా తొక్కలు, నాలుగు పసుపు కొమ్ములు. రెండు రోజులు మేడమీద ఎండబెట్టి పిండి మరలో పట్టించు. ఇక్కడొక మాట, మరకి వెళ్ళినప్పుడు ముందు ఏం ఆడించాడో అడుగు. ఒకసారి ఎవరో కారం పట్టించుకుని వెళ్ళిన వెనకే మాది వేశాడు, చూసుకోలేదు, ఆదివారం నలుగుపెట్టుకున్నవాళ్ళందరం వరసగా బాత్‌రూమ్ ముందు కూర్చుని బకెట్లు బకెట్లు నీళ్ళు గుమ్మరించుకున్నాం. బియ్యప్పిండి ఆడించిన తర్వాతే మనది వెయ్యమని చెప్పు. వానాకాలంలో పురుగు పడుతుంది కాబట్టి నాలుగు నెలలకి మించి పట్టించుకోకు.

కెమిస్ట్రీ_మాస్టారు

పిన్నిగారు చెప్పింది బాగుంది. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తా, ఇంకో వైపు నుంచి చెప్తాను.

లతగారూ, మీ షాంపూ బార్ తప్పేం లేదు, నీళ్ళది తప్పు. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, బకెట్ అంచుకి పట్టే ఆ తెట్టే మీ జుట్టుకీ పట్టింది. రేపర్ వెనక చూడండి, సోడియం కోకోయేట్, సోడియం పామేట్ అని ఉంటే అది షాంపూ పేరు పెట్టుకున్న సబ్బే. సోడియం కోకాయిల్ ఐసెథియోనేట్ అని ఉంటే సబ్బు కాదు, ఉప్పు నీళ్ళలోనూ పని చేస్తుంది. కుంకుడుకాయలో ఉండేది సాపోనిన్ అనే నురగ పదార్థం, అది కూడా సబ్బు కట్టినట్టు తెట్టు కట్టదు, అందుకే మన పెద్దవాళ్ళు ఉప్పు నీళ్ళ ఊళ్ళలో కూడా హాయిగా పోసుకున్నారు. ఇంకోటి, ఆర్‌ఓ మెషీన్ నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్ళు తలకి వాడకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఇల్లు తుడవడానికి పనికొస్తాయి.

"నేచురల్" అని డబ్బా ముందు రాసింది చదవడం మానేసి వెనక చదవండి. సబ్బుకైతే టీఎఫ్ఎం, అంటే అందులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చూడండి. మన దేశపు ప్రమాణాల్లో టాయిలెట్ సోప్ గ్రేడ్ 1 అంటే 76 శాతం, గ్రేడ్ 2 అంటే 70, గ్రేడ్ 3 అంటే 60. పాప ఒంటికి వాసన లేని గ్రేడ్ 1 సబ్బు, వందల రూపాయల "హ్యాండ్‌మేడ్" సబ్బు కంటే ఏమీ తీసిపోదు. హ్యాండ్‌మేడ్‌లో లావెండర్ నూనె పోస్తారు, అది చెట్టు నుంచే వచ్చినా వాసన వాసనే, మీ డాక్టరు ఆపమన్నది దాన్నే కదా.

బట్టలకి చాకలి సోడా వాడండి. బోరు నీళ్ళని మెత్తబరుస్తుంది, పౌడరు సగం వేసినా సరిపోతుంది. పట్టుకీ, ఉన్నికీ వద్దు, చేతులకి గ్లోవ్స్ వేసుకోండి, వంటసోడా డబ్బా పక్కన అస్సలు పెట్టకండి.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. వంటసోడా, వెనిగర్ కలిపి బుసబుస పొంగించి "అద్భుతమైన క్లీనర్" అని చూపించే వీడియోలు. ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది కాస్త సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్ళు. గ్యాస్ గాల్లోకి, డబ్బులు నీళ్ళలోకి. సింక్‌లో జిడ్డుకి సోడా విడిగా, కుళాయి మీద తెల్ల మరకలకి వెనిగర్ విడిగా వాడండి, రెండూ పని చేస్తాయి. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట టాయిలెట్ ఆసిడ్ గానీ, వెనిగర్ గానీ, నిమ్మరసం గానీ పోయకూడదు, క్లోరిన్ వస్తుంది, చిన్న బాత్‌రూమ్ తలుపేసుకుని ఉంటే ప్రాణం మీదకి వస్తుంది.

బ్రాడీపేట_కుర్రాడు

అక్కా మాది గుంటూరు, బ్రాడీపేట నాలుగో లైను, అద్దె ఇల్లు. ఫ్లోర్ క్లీనర్‌కి బయో ఎంజైమ్ చేసుకో, ఖర్చు అంటే బెల్లం ఒక్కటే. వంద గ్రాముల బెల్లం, మూడొందల గ్రాముల బత్తాయి, నిమ్మ తొక్కలు, లీటరు నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టాలి. జ్యూస్ బండి ఆయన్ని అడిగితే తొక్కలు కవర్ నిండా ఊరికే ఇస్తాడు, సాయంత్రం పారేసుకునేవే. రెండు లీటర్ల ప్లాస్టిక్ బాటిల్‌లో పెట్టు, నింపేయకు, పైన ఖాళీ ఉండాలి, మొదటి నెల రోజూ మూత తిప్పి గ్యాస్ వదులు. నేను మొదటిసారి సీసాలో పెట్టి సంక్రాంతికి ఊరెళ్ళా, వచ్చేసరికి వంటగది గోడంతా బత్తాయి తొక్కలు, ఇంటి ఓనరాంటీ మందు కాస్తున్నావా అని అడిగింది.

సరే అది కాదు అసలు కథ. మా ఇంట్లో నేల మాచర్ల రాయి, పాత ఇల్లు కదా, వంటింటి గట్టు కడప రాయి. ఎంజైమ్ రెడీ అయ్యాక ఉత్సాహంగా నీళ్ళు కలపకుండా అలాగే గట్టు మీద పోసి పావుగంట నానబెట్టా, జిడ్డు బాగా పోతుందని. తుడిచి చూస్తే నల్లటి గట్టు మీద బూడిద రంగు మచ్చ, దోసె పెనం అంత. వేలితో రాస్తే అక్కడ గరుకుగా తగులుతుంది, చుట్టూ నున్నగా ఉంది. మళ్ళీ కడిగా, నూనె రాశా, ఆ మచ్చ పోలేదు. తర్వాత తెలిసింది, కడప రాయి, మాచర్ల రాయి రెండూ సున్నపురాయే అంట, పులుపు తగిలితే తినేస్తుంది. నిమ్మకాయ, వెనిగర్, ఎంజైమ్ అన్నీ అంతే. అడ్వాన్స్‌లో 1,500 కోసేసింది ఆంటీ. మార్బుల్ కూడా డిటో. గ్రానైట్, టైల్స్ అయితే భయం లేదు. మీది అపార్ట్‌మెంట్ కాబట్టి టైల్సే అయి ఉంటాయి కానీ అత్తయ్యగారికి పూజగదిలో మార్బుల్ ఉంటుందేమో చూసుకో. సగం బకెట్‌కి ఒక మూత ఎంజైమ్ చాలు.

ఇత్తడి, రాగి సామానుకి చింతపండు, అది ఎవరూ చెప్పక్కర్లేదు, పులుసుకి వాడేసిన పిప్పి కూడా పనికొస్తుంది. అంట్లకి మాత్రం నేను మామూలు సబ్బే వాడుతున్నా, పట్నం బజారులో హోల్‌సేల్‌గా డజను తెచ్చేస్తా, చవక పడుతుంది. కొబ్బరి పీచుతో తోముతా.

మొగల్రాజపురం_రవి

అన్నీ బాగానే ఉన్నాయి కానీ కుంకుడుకాయ కొట్టే టైమ్, పెసలు ఎండబెట్టే టైమ్, మూత తిప్పే టైమ్ ఎవరిస్తారండీ? ఆవిడ ఉద్యోగం చేసుకుంటూ అడుగుతోంది. ఇంట్లో మగవాళ్ళు ఆ బిల్లు ఫ్రిజ్‌కి అంటించే బదులు ఆదివారం ఆ కాయలు కొట్టి పెడితే సగం సమస్య తీరుతుంది. నేనే కొడతాను మా ఇంట్లో, క్రికెట్ చూస్తూ గంటలో నెలకి సరిపడా అయిపోతాయి, పప్పు గుత్తి కంటే చిన్న రోకలి బెస్ట్.

మందులషాపు_సుధ

పదేళ్ళుగా ఫార్మసీలో పని చేస్తున్నా, కొంచెం అడ్డుపడుతున్నా ఏమనుకోకండి పిన్నిగారూ. ఎగ్జిమా ఉన్న పాపకి ఆ సున్నిపిండి వద్దు. అందులో బావంచాలు వేశారు కదా, వాటిలో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది, బొల్లి మచ్చలకి మందుగా వాడేది దాన్నే, అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి బొబ్బలెక్కొచ్చు. మన బెజవాడ ఎండలో మరీనూ. నిమ్మరసం ఒంటికి రాసి ఎండలోకి వెళ్ళినా ఇదే కథ, నల్లటి చారలు పడతాయి. పెద్దవాళ్ళు వాడుకుంటే వాడుకోండి, బావంచాలు తీసేసి. పాపకి పిండితో రుద్దడమే వద్దు, గరుకు తగిలితే దురద ఎక్కువవుతుంది. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని సబ్బు అవసరమైన చోటే, ఒళ్ళు తుడవగానే తడి ఆరకముందే డాక్టరు రాసిన మాయిశ్చరైజర్. అక్కడ పొదుపు చెయ్యకండి.

పళ్ళపొడి కూడా పక్కన పెట్టండి లతగారూ. బొగ్గు, ఉప్పు పొడులు పంటి పైపొరని అరగదీస్తాయి, ఆరేళ్ళ పిల్లకి శాశ్వత దంతాలు వచ్చే వయసు, ఫ్లోరైడ్ ఉన్న మామూలు పేస్టు బఠాణీ గింజంత, మింగకుండా. ఇది మాత్రం నేచురల్ కాకపోయినా ఉండనివ్వండి.

బీరువాలో కలరా ఉండలు ఉంటే తీసెయ్యండి. జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకి ఆ వాసనతో ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, లోపం ఉన్నట్టు చాలామందికి తెలియను కూడా తెలియదు. ఎండు వేపాకు గుడ్డలో కట్టి పెట్టుకోండి. హారతి కర్పూరం "నేచురల్ ఫ్రెషనర్" అని గిన్నెలో పెట్టి టీపాయ్ మీద వదిలేస్తున్నారు చాలామంది, చిన్నపిల్లలు పటికబెల్లం అనుకుని నోట్లో వేసుకుంటే ఫిట్స్ వస్తాయి.

దోమలకి వేపనూనె దీపాలు అవీ నమ్ముకుని కూర్చోకండి, మూడు కాలవలు పారే ఊరు మనది, డెంగీ రోజుల్లో కిటికీలకి మెష్, మంచానికి దోమతెర, అంతే. ఒకసారి పెట్టే ఖర్చు.

కృష్ణలంక_పిన్ని

సుధమ్మా, బావంచాల సంగతి నిజంగా నాకు తెలీదు. మా అమ్మ వేసేది, నేనూ వేస్తున్నా. ఇప్పుడు ఆలోచిస్తే మా ఆయన నలుగు పెట్టుకుని మేడమీద పని చేసిన రోజు వీపంతా కమిలినట్టు అయ్యేది, ఎండ దెబ్బ అనుకునేవాళ్ళం. ఈసారి పట్టించేదాంట్లో వెయ్యను. లతా, నా లెక్కలోంచి ఆ యాభై గ్రాములు కొట్టెయ్.

పోరంకి_లత

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని వస్తాయనుకోలేదు. ఒక డౌటు, కుంకుడుకాయ వాషింగ్ మెషీన్‌లో వేస్తారంట కదా, పని చేస్తుందా? ఇంకోటి, నెలసరికి గుడ్డ ప్యాడ్‌లు, మెన్‌స్ట్రువల్ కప్పు ఎవరైనా వాడుతున్నారా, అది కూడా ఇందులోనే అడిగేస్తున్నా, సిగ్గుపడి లాభం లేదు, నెలకి దానికీ రెండొందలు దాకా అవుతోంది.

మందులషాపు_సుధ

కప్పు నేను నాలుగేళ్ళ నుంచి. మెడికల్ గ్రేడ్ సిలికాన్‌ది తీసుకోండి, నేను నాలుగొందల లోపే కొన్నా, సరిగ్గా చూసుకుంటే ఐదారేళ్ళు, పైన కూడా వస్తుంది. ప్రతి నెలా మొదలయ్యే ముందు విడిగా పెట్టుకున్న గిన్నెలో ఐదు నిమిషాలు మరిగించాలి. మొదటి రెండు నెలలు చిరాకు పడతారు, ఒకసారి పట్టు దొరికాక ఉన్నట్టే తెలీదు. గుడ్డవి అయితే చల్లనీళ్ళలో నానబెట్టి ఉతికి ఎర్రటి ఎండలో ఆరెయ్యాలి, చీర కింద దాచి ఆరేస్తే తడి ఆరక ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. ఎండకి మనకేం కరువు.

కెమిస్ట్రీ_మాస్టారు

మెషీన్‌లో కుంకుడుకాయ: రోజూ కట్టుకునే మామూలు బట్టలకి ఫర్లేదు, పాత సాక్సులో ఆరేడు తొక్కలు వేసి మూతి గట్టిగా కట్టి గోరువెచ్చని నీళ్ళు పెట్టండి. నూనె మరకలు, చెమట కాలర్లు పోవు. తెల్ల బట్టలకి వద్దు, మెల్లగా గోధుమ రంగు దిగుతుంది. పాప బట్టల వరకు అయితే వాసన లేని డిటర్జెంట్ కొంచెమే వేసి, రెండుసార్లు ఎక్కువ జాడించడం మేలు, బట్టల్లో డిటర్జెంట్ మిగిలిపోయినా దురద పెరగొచ్చు.

పోరంకి_లత

నలభై రోజుల తర్వాత మళ్ళీ వచ్చా, అడిగి మాయమైపోయిందనుకుంటారని.

మొదట చేసింది ఏమీ కొనకపోవడం. రూమ్ ఫ్రెషనర్, సెంటు లిక్విడ్ రెండూ ఆపేశాం, వాటికే 320 అయ్యేదని ఇప్పుడు లెక్కేస్తే తెలిసింది. పాప గోకడం తగ్గింది, క్రీమ్ వల్లో, సెంటు ఆపినందుకో, రెండిటి వల్లో నాకు తెలీదు, రాత్రి నిద్రపోతోంది అది చాలు. పెద్దవాళ్ళం ముగ్గురం కుంకుడుకాయకి మారాం, కాయలు కొట్టేది మా ఆయన, రవిగారి మెసేజ్ చూపించా. ఆ షాంపూ బార్ మాస్టారు చెప్పినట్టు వెనక చదివితే సోడియం కోకోయేట్, ఇప్పుడు అది చేతులు కడుక్కునే సబ్బు. ఎంజైమ్ బాటిల్ బాల్కనీలో ఉంది, ఇంకా రెండు నెలలు ఆగాలి, మూత తిప్పే డ్యూటీ అత్తయ్యగారిది, రోజూ ఫిల్టర్ కాఫీ తాగి అది తిప్పుతారు. పూజగదిలో మార్బులే, అక్కడ ఉత్త నీళ్ళతో తుడుస్తున్నాం. అంట్ల సబ్బు, పేస్టు, టాయిలెట్ క్లీనర్ పాతవే. పనావిడ సంతోషంగా ఉంది. ఈ నెల మొత్తం 780, మెష్ తలుపు ఖర్చు విడిగా.

ఒక్క దెబ్బ తగిలింది. సాక్సు మూతి వదులుగా కట్టా, కుంకుడు తొక్కల్లో ఒక గింజ ఉండిపోయినట్టుంది, మెషీన్ నీళ్ళు బయటికి వదలకుండా ఆగిపోయింది. మెకానిక్ వచ్చి కింద ఫిల్టర్ విప్పితే నల్లగా గోలీలాంటి గింజ, దాంతో పాటు రెండు రూపాయి బిళ్ళలు, ఒక హెయిర్ పిన్ను. 350 తీసుకున్నాడు, బిళ్ళలు తిరిగిచ్చాడు. ఆ గింజ మా పాప తీసేసుకుంది, ఇంకో పది ఉంటే గోలీలాట ఆడుకోవచ్చంట, కొట్టిన గింజలు పారెయ్యొద్దని వాళ్ళ నాన్నకి ఆర్డరేసింది.